మీ ప్రశ్నలు, అక్క జవాబులు: సంస్థ పెట్టడం సరే, అది ఎవరి చేతిలో ఉండాల?

పోయిన నెల సంచికలో, పర్యావరణం పని చేసే సంస్థల గురించి ఏమన్నా అడగాలంటే రాయండి అన్నాం, ఇన్ని వస్తయ్ అనుకోలా. కార్డులు, కవర్లు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు, ఎక్కువ భాగం మన నెల్లూరు ప్రకాశం వాళ్ళవే. ఒకే సంగతి అడిగినవి కలిపేసి జవాబులు రాస్తుండా. పేరు వెయ్యొద్దని చాలామంది అన్నారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లా, ఊరు మటుకు ఉంచా.

ప్రశ్న (కావలి దగ్గర ఒక పట్టపుపాళెం నుంచి): అక్కా, జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఒడ్డు వెంబడి తిరిగి తాబేళ్ళ గుడ్లని కుక్కలు, నక్కలు తినకుండా చూస్తుండాం. మేమంతా వేటకి పోయే కుర్రాళ్ళమే. ఇప్పుడు టౌన్ నుంచి ఒకాయన వచ్చి సంస్థగా రిజిస్టర్ చేసుకోండి, ఫండ్స్ వస్తయ్ అంటుండాడు. సొసైటీ అంట, ట్రస్ట్ అంట, కంపెనీ అని ఇంకోటంట, ఏది మంచిది? ప్రెసిడెంట్‌గా ఆయనే ఉంటాడంట.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో అసలు మాట చివర్న పెట్టావు. దానికి వస్తా గానీ, ముందు నువ్వు అడగని సంగతొకటి. గూడు ఉన్న చోటే కాపలా కాస్తుండారా, గుడ్లు తీసి ఇంకో చోట పూడుస్తుండారా అన్నది రాయలా. తీస్తుంటే మటుకు ఫారెస్టు వాళ్ళ అనుమతి కాగితం ఉండి తీరాల. మన ఒడ్డుకొచ్చేది ఆలివ్ రిడ్లీ తాబేలు, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. మంచికే చేసినా అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకుంటే కేసవుద్ది. రేంజ్ ఆఫీసుకి పోయి మాట్లాడండి, ఒడ్డు పొడుగూతా రాత్రంతా తిరగడానికి వాళ్ళకీ మనుషులు చాలరు.

ఒక్కో తల్లి వందకి అటూఇటూగా గుడ్లు పెడతది, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తయ్. ఇసక వేడిని బట్టే పిల్ల ఆడదా మగదా అన్నది తేలుద్ది, వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. అందుకని హేచరీ (గుడ్లు తెచ్చి పూడ్చి కాపాడే చోటు) పెడితే గుంత లోతు, పైన నీడ మన ఇష్టమొచ్చినట్టు పెట్టుకునేవి కాదు, తల్లి ఎంత లోతు తవ్విందో అంతే తవ్వాల. పిల్లలు బయటికొచ్చాక వెలుగు ఎటుంటే అటు పాకుతయ్, నీళ్ళ మీద వెలుగనుకొని రిసార్టు లైట్ల వైపు, రోడ్డు వైపు పోయి చస్తయ్. ఆ సీజన్ అంతా ఒడ్డు మీద లైట్లు ఆర్పించడం కూడా మీ పనే అవుద్ది.

ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళ సంగతి ఇంకా పెద్దది. తాబేలు చేప కాదు గదా, గాలి కోసం పైకి రావాల, మరబోట్లు లాగే ట్రాల్ వలలో పడిందంటే నీళ్ళ కిందే ఊపిరాడక పోద్ది. వలకి టెడ్ అనే కమ్మీల చట్రం బిగిస్తే తాబేలు పక్కనుంచి బయటపడుద్ది, రొయ్య లోపలే ఉంటది. ఈ చట్రం మనవాళ్ళు వాడట్లేదనే అమెరికా కొన్నేళ్ళ కిందట మన సముద్రంలో పట్టిన రొయ్యని తీసుకోవడం ఆపేసింది. ఇంకో సంగతి చూడు, వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, అంటే తాబేలు గుడ్లు పెట్టడం అయిపోయాక మొదలవుద్ది. గుడ్లు పెట్టే మూడు నెలలూ దానికి ఉన్న పెద్ద రక్షణ, ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదన్న రాష్ట్ర నియమమే. తమిళనాడు సోనా బోట్లు (పెద్ద మరబోట్లు) లోపలికొచ్చి మీ వలలు తెంపి పోయేది కూడా ఆ మేరలోనే. తాబేలు కోసం అడిగేదీ మీ కూటి కోసం అడిగేదీ ఒకటే అయినప్పుడు ఊళ్ళో కాపుల (ఊరి పెద్దల) దగ్గర దీంతోనే మొదలుపెట్టండి. వలలో తాబేలు పడితే వల కోసైనా వదలాల్సిందేనని పెద్దలు దురాయి (ఊరి కట్టుబాటు) వేస్తే ఏ సంస్థ బోర్డుతోనూ కాని పని ఒక్క రోజులో అయిపోద్ది.

ఇప్పుడు రిజిస్ట్రేషన్. సొసైటీ అయితే మన రాష్ట్రంలో 2001 చట్టం కింద ఏడుగురు చాలు, జనరల్ బాడీ ఉంటది, కమిటీని వాళ్ళు ఎన్నుకుంటారు, కమిటీ లిస్టు ఏటా రిజిస్ట్రార్‌కి ఇయ్యాల. ట్రస్ట్ అయితే దస్తావేజు రాసినాయన ఎట్టా రాస్తే అట్టా నడుస్తది, ట్రస్టీలు చచ్చేదాకా ట్రస్టీలుగానే ఉండేట్టు కూడా రాసుకోవచ్చు. సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభం పంచుకోని కంపెనీ, పద్ధతిగానే ఉంటది గానీ ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కి పంపాల్సిన లెక్కలు, ఆడిటర్ ఫీజులు, మీలాంటి వాళ్ళకి బరువు. నన్నడిగితే మీకు సొసైటీనే మేలు. ఎందుకంటే అందులో ఓటు ఉంది.

ఇక ఆ ప్రెసిడెంట్ పెద్దమనిషి. ఆయన మంచోడో చెడ్డోడో నాకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. రాత్రి రెండింటికి ఒడ్డున తిరగని మనిషి తిరిగే వాళ్ళకి ప్రెసిడెంట్ కాకూడదు, అంతే. ఆయనకి సాయం చెయ్యాలనుంటే సలహాదారుగా పెట్టుకోండి, కాగితాలు రాయమనండి, ఓటూ చెక్ బుక్కూ మీ దగ్గరుంచుకోండి. చెన్నై కేంద్రంగా 2002 నుంచి పనిచేస్తున్న ట్రీ ఫౌండేషన్ ఉంది, సుప్రజా ధారిణి గారు పెట్టింది, వాళ్ళు మత్స్యకారుల కుర్రాళ్ళనే తాబేళ్ళ కాపలాకి తీసుకున్నారు, మన నెల్లూరు తీరంలో కూడా. సంస్థ పెట్టేముందు అట్టాంటి చోట పనిచేసే వాళ్ళతో ఒక సీజన్ కలిసి తిరగండి, చాలా సంగతులు తెలుస్తయ్.

ప్రశ్న (ఒంగోలు నుంచి): మేడం, నేనొక పర్యావరణ సంస్థకి సెక్రటరీని. పెట్టినాయనే మొదట్నుంచీ ప్రెసిడెంట్, ఇరవై ఏళ్ళ పైమాటే. చెరువులు బాగుచేయించాడు, ఊళ్ళు తిరిగాడు, ఆయన త్యాగం ఎవరూ కాదనలేరు. కానీ చెక్కు ఆయనే, మీటింగ్‌లో మాట ఆయనదే, కలెక్టరాఫీసుకి పోవాలన్నా ఆయనే. ఇప్పుడు ఆరోగ్యం బాలేదు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

జవాబు: ఇట్టాంటి ఉత్తరాలు ఇంకా వచ్చినయ్, మీదొక్కటే వేస్తుండా, అందరికీ కలిపి జవాబు అనుకోండి.

పెట్టిన మనిషి మీద గౌరవం వేరే, సంస్థ ఆయన ఒంటి మీద నిలబడి ఉండటం వేరే. చెరువు కట్ట తెగితే పూడ్చిందెవరు, తూము దగ్గర గొడవ పడితే రైతుల్ని కూర్చోబెట్టిందెవరు, కాంట్రాక్టర్ బిల్లు ఎక్కడుంది, ఫలానా ఏఈ ఫోన్ నంబరేంది, ఇవన్నీ ఆయన బుర్రలోనే, ఆయన సెల్‌ఫోన్‌లోనే ఉంటే రేపు ఆయనకేమన్నా అయితే ఇరవై ఏళ్ళ పని కూడా ఆయనతోనే పోద్ది. ఆయనకి చెప్పాల్సింది ఈ ముక్కే. "మీరు దిగిపోండి" అని కాదు, "మీరు చేసింది నిలబడాల" అని. నిజంగా చెరువు మీద ప్రేమ ఉన్న మనిషికి ఈ మాట నొప్పిగా ఉండదు.

చిప్కో గురించి మనందరికీ తెలుసు, ఉత్తరాఖండ్‌లో చెట్లని కావిలించుకున్న ఉద్యమం. దాని వెనక చండీప్రసాద్ భట్ 1964లో మొదలుపెట్టిన దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి మీటింగులు పెట్టింది. 1974 మార్చి 26న రేణి అడవిలో చెట్లు నరకడానికి మనుషులొచ్చారు. ఆ రోజు ఊళ్ళో మగవాళ్ళు లేరు, నష్టపరిహారం ఇస్తామంటే పోయున్నారు, భట్ కూడా అక్కడ లేడు. గౌరాదేవి అనే ఆమె ఊరి ఆడవాళ్ళని వెంటేసుకొని అడవిలోకి పోయి అడ్డం నిలబడింది, చెట్లు నరకనియ్యలా. నాయకులు బయటెక్కడో ఉన్న రోజున పని ఆగలేదు చూశారా, అది ఆ నాయకులు అంతకుముందు చేసిన పనికి ఫలితం. మీ ప్రెసిడెంట్ గారు ఊళ్ళో లేని రోజున మీ దగ్గర ఏం జరుగుతుందో ఒకసారి ఆలోచించండి, ఆయన్ని కూడా ఆలోచించమనండి.

రాజస్థాన్‌లో రాజేంద్ర సింగ్ 1985లో అల్వర్ జిల్లాకి పోయాడు. వైద్యం, చదువు చెప్పడం లాంటివి చేద్దామని పోతే, ఊరి పెద్దాయనొకడు ముందు నీళ్ళ సంగతి చూడవయ్యా అన్నాడు. మనకి ఊరి కుంటలు ఎట్టనో అక్కడ జోహడ్లు, వాటిని తవ్వుకుంటా పోయారు, అర్వారి నది మళ్ళీ పారింది. నది పారాక అసలు గొడవ మొదలైద్ది గదా, నీళ్ళెవరివి, చేపలెవరివి, ఎంత తోడుకోవాల అని. అప్పుడు ఆయన సంస్థ తరుణ్ భారత్ సంఘ్ చేసిన పని నాకు చాలా ఇష్టం. తీర్పు తన చేతిలో పెట్టుకోలా, 1999లో నది వెంబడి డెబ్బై దాకా ఊళ్ళ వాళ్ళు కూర్చొని అర్వారి సంసద్ అని సొంత పార్లమెంటు పెట్టుకున్నారు, ఏ పంట వెయ్యాలో వెయ్యకూడదో కూడా వాళ్ళే అనుకున్నారు. ఆయనకి 2001లో మెగసెసే అవార్డు వచ్చింది, పేపర్లన్నీ ఆయన బొమ్మే వేసినయ్, కానీ నీళ్ళ మీద మాట ఆ ఊళ్ళది.

అంత దూరం ఎందుకు, నేలపట్టు లేదా. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మొన్నటిదాకా మన నెల్లూరే. 1976లో దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు, కానీ గూడబాతులు అంతకుముందు నుంచే వస్తుండయ్, ఊరివాళ్ళే వాటిని కొట్టనియ్యకుండా చూసుకున్నారు. పక్షులొస్తే ఊరికి మంచిదని నమ్మకం, వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని లెక్క. అధ్యక్షుడు లేడు, లెటర్‌హెడ్ లేదు. కాపాడే వాళ్ళకి అందులో బతుకు ఉంటే చాలు, పని నిలబడుద్ది.

మీరు చెయ్యాల్సిన పనులు చెప్తా. బ్యాంకులో ఇద్దరి సంతకం పెట్టించండి, ఈ నెలే, ఆయన ఆరోగ్యం సాకుగా చెప్పండి పర్లేదు. కలెక్టరాఫీసుకి ఆయన పోయినప్పుడల్లా ఒక కుర్రాణ్ణో కుర్రదాన్నో వెంట పంపండి, రెండోసారి మాట్లాడేది వాళ్ళే, ఆయన పక్కన కూర్చుంటాడు. జనరల్ బాడీ పెట్టి బైలాలో ప్రెసిడెంట్ రెండు దఫాలకి మించి ఉండకూడదని తీర్మానం చేయించండి, వీలైతే ఆ తీర్మానం ఆయన చేతే ప్రవేశపెట్టించండి. ఆయన చెప్పే చెరువుల కథలన్నీ రికార్డు చేసి రాయించండి, ఏ ఊరి కట్ట ఎప్పుడు తెగింది, ఏ వాగు నీళ్ళు ఎటు పోయేవి అన్నది ఏ రికార్డులోనూ దొరకదు. ఇంకొకటి, కమిటీలో ఆయకట్టు రైతులు ఎంతమంది? మీరు రాయలేదు. ఒంగోల్లో ఉండే రిటైర్డ్ ఉద్యోగులే అందరూ అయితే ఆయన దిగిపోయినా మీ కష్టం తీరదు.

ప్రశ్న (విడవలూరు మండలం నుంచి): అక్కా, మా ఊరి చుట్టూ రొయ్యల గుంటలు. బోర్లు ఉప్పగా అయిపోయినయ్, మంచినీళ్ళు క్యాన్లు కొనుక్కుంటుండాం. ఆడోళ్ళమంతా కలిసి సంఘం పెట్టుకున్నాం. ఇప్పుడు గుంటలాయనే ఒకడు మీ సంఘానికి లక్ష రూపాయలిస్తా, ఆర్వో ప్లాంట్ పెట్టుకోండి అంటుండాడు. తీసుకుందామా? మా వాళ్ళు కూడా గుంటల్లో పనికి పోతారు, కొందరివి సొంత గుంటలు కూడా ఉండయ్.

జవాబు: తీసుకోవద్దు చెల్లెమ్మా. ఆర్వో ప్లాంట్ మంచిదే, పంచాయతీ చేత పెట్టించుకోండి, ఆయన ఇవ్వాలనుకుంటే పంచాయతీకే ఇవ్వమనండి. మీ సంఘం ఖాతాలోకి ఆ లక్ష వస్తే రేపు ఆయన గుంట నీళ్ళు కాలవలోకి వదిలినప్పుడు మీరెవరూ నోరెత్తలేరు.

మీ ఊళ్ళో సగం మంది బతుకు గుంటల్లోనే ఉంది కాబట్టి గుంటలు మూయించడం మీ లక్ష్యం అంటే సంఘం మూడు నెలలు కూడా ఉండదు. ఎక్కడ ఉండాల, ఎంత దూరంలో ఉండాల, నీళ్ళు ఎట్టా వదలాల, ఇదే మీ ప్రశ్న కావాల. దీని వెనక చరిత్ర ఉంది. తమిళనాడులో గాంధేయవాది ఎస్. జగన్నాథన్ గ్రామ స్వరాజ్య ఉద్యమం తరఫున సుప్రీంకోర్టుకి పోయాడు, కోర్టు మన ఆంధ్ర తీరం కూడా చూసి రమ్మని నిపుణుల్ని పంపింది, 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది, తీర నియంత్రణ జోన్‌లో మామూలు పాతకాలపు పద్ధతి తప్ప రొయ్యల పరిశ్రమ ఉండకూడదు, పాడుచేసినోళ్ళే ఖర్చు భరించాల అని. తర్వాత 2005లో కేంద్రం కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది, ఇప్పుడు గుంటలకి రిజిస్ట్రేషన్ ఉండాల, ఊరికీ తాగే నీళ్ళకీ పొలాలకీ దూరం పాటించాల, వదిలే నీళ్ళకి కొలతలుండయ్. ముసలాయన ఒకడు కోర్టు మెట్లెక్కితే ఇంత కదిలింది, కాబట్టి మీరు చిన్నవాళ్ళమని అనుకోవద్దు.

మీ ఆయుధం కొలత. ప్రతి నెలా ఒకే తేదీన అవే బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్ష చేయించి రిజిస్టర్లో రాయండి. తాగేనీళ్ళలో కరిగున్న లవణాలు లీటర్‌కి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు, క్లోరైడ్ అయితే 250, మరీ తప్పనిసరైతే 1000. గుంటకి దగ్గరున్న బోరు, దూరమున్న బోరు, రెండూ కొలవండి, గుంటలు నింపే నెలలు, ఖాళీ చేసే నెలలు విడిగా గుర్తుపెట్టండి. ఏడాది లెక్క చేతిలో ఉంటే ఫిషరీస్ ఆఫీసులో మీతో మాట్లాడే తీరే మారుద్ది. సొంత గుంటలున్న వాళ్ళని సంఘం నుంచి తీసెయ్యొద్దు, వాళ్ళ ఇంట్లో కూడా క్యాన్ నీళ్ళే గదా, కానీ గుంటల మీద తీర్మానం పెట్టే రోజు వాళ్ళు ఓటెయ్యకూడదని ముందే రాసుకోండి.

ప్రశ్న (నెల్లూరు నుంచి): మా సంస్థకి అమెరికాలో ఉన్న బంధువులు డబ్బు పంపిస్తామంటున్నారు. నా సేవింగ్స్ ఖాతాలో వేయించుకొని ఖర్చు పెట్టొచ్చా?

జవాబు: వద్దు బాబూ. సంస్థ డబ్బు సొంత ఖాతాలో ఎప్పుడూ వద్దు, అమెరికాది కాకపోయినా సరే. మీ బంధువులకి ఇంకా మన పాస్‌పోర్టే ఉంటే వాళ్ళ డబ్బు విదేశీ విరాళం కిందకి రాదు, సంస్థ ఖాతాకి పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకొనుంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే, 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల) చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాల. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకి మూడేళ్ళ వయసుండి ఆ మూడేళ్ళలో 15 లక్షలు పని మీద ఖర్చుపెట్టినట్టు లెక్క చూపాల, డబ్బు ఢిల్లీ మెయిన్ బ్రాంచ్ ఎస్‌బీఐ ఖాతాలోకే రావాల, ఆఫీసు ఖర్చులకి 20 శాతం దాటకూడదు. మీరు ఇప్పుడే మొదలుపెట్టారు కాబట్టి ముందు మన ఊళ్ళో వందా రెండొందలు ఇచ్చే వాళ్ళని పోగేసుకోండి. వంద ఇచ్చినోడు మీటింగ్‌కి వస్తాడు, లెక్క అడుగుతాడు.

ప్రశ్న (పొదిలి నుంచి ఒక టీచర్): ప్రతి జూన్ 5న మా మండలంలో ఒక స్వచ్ఛంద సంస్థ వందల మొక్కలు నాటిస్తుంది, పిల్లల్ని కూడా తీసుకెళ్తాం. ఫొటోలు బాగా వస్తాయి. మరుసటి ఏడు అదే గుంతల్లో మళ్ళీ నాటిస్తున్నారు. ఇది ఎలా మార్చాలి?

జవాబు: మాస్టారూ, అదే గుంతల్లో అన్న మాట చదివి చాలా బాధేసింది.

మొదటి తప్పు తారీకులోనే ఉంది. జూన్ 5 ప్రపంచానికంతా పర్యావరణ దినం కావచ్చు, మనకి మటుకు రోహిణి ఎండలు పూర్తిగా పోని రోజులు. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనంలో పడతయ్, పొదిలి వైపు మెట్టకి కూడా సెప్టెంబర్ అక్టోబర్ వానలే దిక్కు. జూన్ 5న పిల్లల చేత విత్తనాలు ఏరించండి, సంచుల్లో నారు పోయించండి, గుంతలు తవ్వించండి. నాటేది వాన పడ్డాక. వేప, కానుగ, చింత, నేరేడు, కుంట గట్టున తాటి, ఇవి మన నేలలో తట్టుకుంటయ్. త్వరగా పచ్చగా కనపడుతుందని కోనోకార్పస్ తెచ్చి పెడతామంటే ఒప్పుకోవద్దు, సర్కారు తుమ్మతో ఇప్పటికే చెరువులు నిండిపోయున్నయ్, ఇంకో కొత్త తలనొప్పి ఎందుకు.

రెండో తప్పు లెక్కపెట్టే తీరులో ఉంది. కెన్యాలో వంగారి మతాయి అని, 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టింది. పల్లెటూరి ఆడవాళ్ళే నారు పెంచి నాటేవాళ్ళు, వాళ్ళకి కొద్దిగా డబ్బు ఇచ్చేవాళ్ళు, నాటినందుకు కాదు, మొక్క బతికితేనే. కోట్లలో చెట్లు లేచినయ్, ఆమె 2011లో చనిపోయింది, ఉద్యమం ఇప్పటికీ నడుస్తుండాది. మీ సంస్థ వాళ్ళని కూడా అదే అడగండి, పోయినేడు నాటినవాటిలో ఎన్ని బతికినయ్ అని. ఆ అంకె రిపోర్టులో వెయ్యకపోతే ఈ ఏడు పిల్లల్ని పంపించం అని చెప్పండి. మీరు టీచరు కదా, మీ మాటకి విలువుంటది. ఇస్తామన్న వాళ్ళకి మొక్కలకన్నా రెండేళ్ళ నీళ్ళ ట్యాంకరుకీ కంచెకీ కాపలా మనిషి జీతానికీ డబ్బు పెట్టమని కూడా చెప్పండి, మేకలు తినేది మొక్కనే గానీ ఫొటోని కాదు.

ప్రశ్న (ముత్తుకూరు నుంచి): మా దగ్గర ఒక ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారంట. పోయిన సారి ఇంకోదానికి పెట్టినప్పుడు అరుపులు, తోపులాట తప్ప ఏమీ కాలేదు. మా యువజన సంఘం ఏం చెయ్యాలి?

జవాబు: థర్మల్ ప్లాంట్లు, పోర్టు, బూడిద, అన్నీ చూసిన ప్రాంతం మీది, మీకు కోపం లేకపోతేనే ఆశ్చర్యం. కానీ ఆ రోజు మైకు దగ్గర అరిచింది కాదు, రికార్డులోకి ఎక్కిందే మిగులుద్ది.

పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాల, తెలుగులో సారాంశం పెట్టాల, ఫ్యాక్టరీ వల్ల చుట్టుపక్కల ఏమవుద్దో రాసిన డ్రాఫ్ట్ రిపోర్టు కలెక్టరాఫీసు, పంచాయతీ లాంటి చోట్ల అందరికీ అందుబాటులో ఉంచాల. ఆ 30 రోజులే మీ పని. రిపోర్టు తెచ్చుకొని పది మంది పంచుకొని చదవండి, ఒకరు నీళ్ళు, ఒకరు గాలి, ఒకరు చేపల వేట, ఒకరు రోడ్లు. అందులో మీ ఊరి చెరువు అసలు లేనట్టు రాసుంటే, వాగుని బీడు అని రాసుంటే, దాన్ని ఫొటోతో సర్వే నంబరుతో పట్టుకోండి. ఊరి వాళ్ళ చేత ఎవరి సంగతి వాళ్ళ చేత సొంత మాటల్లో రాయించి కాలుష్య నియంత్రణ మండలికి ముందే పంపి రసీదు తీసుకోండి. అందరూ ఒకే జెరాక్స్ మీద సంతకం పెట్టి ఇస్తే అన్నీ కలిపి ఒకటిగా చూస్తారు.

మీటింగ్ వీడియో తియ్యాల, కలెక్టరో ఆయన పంపిన అధికారో కూర్చోవాల, చివర్న ఎవరేం అన్నారో తెలుగులో చదివి వినిపించాల. వినిపించేదాకా కదలొద్దు, చాలామంది భోజనాల టైమ్‌కి వెళ్ళిపోతారు, అక్కడే పోగొట్టుకుంటారు. మాట్లాడేది మీ సంఘం ప్రెసిడెంట్ ఒక్కడే కాకూడదు. వల వేసే అతను, పాలు పోసే ఆమె, ఉప్పు కొటారులో పనిచేసే వాళ్ళు, వాళ్ళే మాట్లాడాల, మీ కుర్రాళ్ళు వెనక నిలబడి కాగితాలు అందించండి. ఆ తర్వాత కూడా అనుమతి వస్తే 30 రోజుల్లో గ్రీన్ ట్రిబ్యునల్‌కి అప్పీలుకి పోవాల, సరైన కారణం ఉంటే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకుంటారు. మన బెంచ్ చెన్నైలోనే ఉంది, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి రావొచ్చు. తేదీ మటుకు దాటనియ్యొద్దు.

ప్రశ్న (కందుకూరు నుంచి): అక్కా, నేను బీఎస్సీ జువాలజీ అయిపోయింది. పర్యావరణ సంస్థలో చేరాలని ఉంది. ఇంట్లో జీతం ఉండదు, పెళ్ళికి అడ్డం అంటున్నారు. నాయకత్వం నేర్చుకోవాలంటే ఏం చదవాలి?

జవాబు: చెల్లీ, జీతం ఉండదు అన్న మాటలో నిజం ఉంది, జీతం లేని పనికి మటుకు నువ్వు ఒప్పుకోవద్దు. పనికి జీతం ఇయ్యని చోట ఏళ్ళ తరబడి ఉండమని నేను ఎవరికీ చెప్పను, త్యాగం పేరు చెప్పి ఆడపిల్లల చేత ఊరికే చాకిరీ చేయించుకునే చోట్లు కూడా ఉండయ్. చేరేముందు గత మూడేళ్ళ ఆడిట్ రిపోర్టు అడుగు, నియామకం కాగితం అడుగు, ఫీల్డుకి రాత్రి పోవాల్సి వస్తే తోడెవరు, బండి ఎవరిది అని అడుగు, కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో చెక్కు మీద సంతకం పెట్టేవాళ్ళు ఎవరన్నా ఉండారా అని కూడా అడుగు. చిరాకు పడకుండా జవాబు చెప్పిన చోట చేరు.

నాయకత్వానికి కోర్సులున్నయ్ గానీ మొదటి ఏడు నేర్చుకోవాల్సినవి వేరే. అడంగల్ చదవడం, ఊరి మ్యాప్‌లో వాగు గుర్తుపట్టడం, నీళ్ళ శాంపిల్ సరిగా పట్టడం, క్యాష్ బుక్ రాయడం, ఆర్‌టీఐ అర్జీ పెట్టడం. 2005 చట్టం, 30 రోజుల్లో జవాబు ఇయ్యాల, మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. మీ కందుకూరు చుట్టుపక్కల ఒక చెరువు తీసుకో, రికార్డులో ఎన్ని ఎకరాలుంది, ఇప్పుడు ఎన్ని ఎకరాలుంది, పూడిక పేరుతో ఎవరు మట్టి తోలుతున్నారు అని అర్జీ పెట్టు. వచ్చిన కాగితాలు నాకు పంపు, ఈ కాలమ్‌లోనే వేద్దాం.